బండ వెనక ఓడ

పొయ్యి మీద పప్పు సగం ఉడికి ఉంటుంది. సరిగ్గా అప్పుడే మంట చిన్నదై, నీలిరంగు పలచబడి, టప్పున ఆరిపోతుంది. అదేం విచిత్రమో గానీ ఈ ముచ్చట ఆదివారం పూటో, చుట్టాలు దిగిన రోజో తప్ప జరగదు! రెండో బండ ఉన్నవాళ్ళు రెగ్యులేటర్ మార్చుకుని వంట కానిస్తారు. లేనివాళ్ళు పక్కింటి తలుపు తడతారు. ఈ అనుభవం లేని ఇల్లాలు మనలో ఎవరూ ఉండరు కదూ?

ఈమధ్య కోనసీమ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మా పొలాల కింద గ్యాస్ గొట్టాలు ఉన్నాయి. చీకటి పడితే దూరాన బావి దగ్గర మంట కనబడుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం. కాళ్ళ కింద ఇంత గ్యాస్ పెట్టుకుని, ఎక్కడో గల్ఫ్‌లో గొడవైతే మా బండ ధర ఎందుకు పెరగాలండీ?" అని అడిగారు.

చాలా మంచి ప్రశ్న. ఇది పెద్దపెద్ద ఆఫీసుల్లో మాట్లాడుకునే విషయం, మనకెందుకు అనుకోకండి. మన పొయ్యి మీద మంట గురించి మనం కాక ఇంకెవరు అడుగుతారు? ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

ఏ గ్యాస్ ఏది?

ముందు ఒక చిన్న చిక్కుముడి విప్పుకోవాలి. మన బండలో ఉండే గ్యాస్, కోనసీమ భూమిలోంచి వచ్చే గ్యాస్ ఒకటి కావు. అక్కచెల్లెళ్ళ లాంటివి.

బండలో ఉండేది ఎల్పీజీ. ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల కలయిక. కాస్త ఒత్తిడి పెడితే చాలు, నీరులా మారిపోతుంది. అందుకే 14.2 కిలోల గ్యాస్ మన వంటింటి మూలన ఒదిగి కూచుంటుంది. బండ ఊపితే లోపల గలగలమనేది ఆ ద్రవమే. ముడిచమురును శుద్ధి చేసే కర్మాగారాల్లో ఇది తయారవుతుంది. ఖతార్ వంటి దేశాల్లో సహజవాయువుతో పాటు భూమిలోంచి కూడా వస్తుంది.

సహజవాయువు అంటే ముఖ్యంగా మీథేన్. దీనికి మొండితనం ఎక్కువ. మామూలు వేడిలో ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవం కాదు. సున్నాకు దిగువన 162 డిగ్రీల దాకా చల్లబరిస్తేనే లొంగుతుంది. అందుకే దీన్ని మామూలు బండలో నింపుకోలేం, గొట్టాల్లో పంపుకోవాలి. హైదరాబాదు, విజయవాడ, కాకినాడ వంటి ఊళ్ళలో కొన్ని ఇళ్ళకు గొట్టంలో వచ్చేది ఇదే. ఎరువుల కర్మాగారాలకూ, కరెంటు కేంద్రాలకూ, ఆటోలకూ పోయేదీ ఇదే.

అదండీ సంగతి. కోనసీమలో దొరికేది ఎక్కువగా ఈ రెండోరకం. అది కాళ్ళ కిందే ఉన్నా, ఉన్నదున్నట్టు బండలో కెక్కదు.

కోనసీమ పడ్డ పాట్లు

అలాగని ఆ గ్యాస్ మనకు అక్కరకు రాలేదా అంటే, వచ్చింది. కానీ దాని కోసం ఆ సీమ తక్కువ పాట్లు పడలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. చుట్టుపక్కల జనం పిల్లాజెల్లా చంకనేసుకుని ఇళ్ళు వదిలి పోయారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. పొద్దున్నే టీ పెట్టుకుందామని లేచే వేళ అది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఇక సముద్రం సంగతి. కాకినాడకు దూరంగా సముద్రగర్భంలో 2002లో పెద్ద గ్యాస్ నిక్షేపం కనిపెట్టారు. 2009లో గ్యాస్ బయటికి వచ్చింది. 2010 నాటికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా తీశారు. ఇంకేం, దేశానికి గ్యాస్ కరువు తీరినట్టేనని అందరం మురిసిపోయాం. ఆ గ్యాస్‌ను నమ్ముకుని కరెంటు కేంద్రాలు కూడా కట్టారు. తీరా 2014 వచ్చేసరికి అందులో నాలుగో వంతు కూడా రాలేదు. ఆ కేంద్రాలు కొన్ని పొయ్యి వెలగని వంటిళ్ళలా ఏళ్ళ తరబడి నిలబడిపోయాయి. 2020 తర్వాత కొత్త బావులతో ఉత్పత్తి కొంత కోలుకుంది. కానీ దేశం ఆకలి అంతకంటే వేగంగా పెరిగిపోయింది.

కాబట్టి కోనసీమ సోదరికి మొదటి జవాబు ఇది. మన దగ్గర గ్యాస్ ఉంది, చాలినంత లేదు. 2024-25 లెక్క ప్రకారం దేశం వాడిన సహజవాయువులో సుమారు సగం బయటినుంచి తెచ్చుకున్నదే. ఎల్పీజీ సంగతి ఇంకా ఘోరం. ఆ ఏడాది వాడింది 3 కోట్ల 10 లక్షల టన్నులకు పైమాటే. అందులో దాదాపు 2 కోట్ల టన్నులు దిగుమతి. పది బండలుంటే ఆరు బండలు ఓడెక్కి వచ్చినవన్నమాట.

ఒకే కొట్టు, ఒకే దారి

ఆ ఓడలు ఎక్కడినుంచి వస్తాయంటే, మనం బయట కొనే ఎల్పీజీలో చాలా భాగం ఇన్నాళ్ళూ గల్ఫ్ దేశాల నుంచే. ఎమిరేట్స్, ఖతార్, సౌదీ, కువైట్. ఈ పేర్లు మనకు కొత్తవి కావు. గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ ఎంతమంది ఆడబిడ్డలు కువైట్ ఇళ్ళలో వంటపనికి పోయారో మీకు తెలుసు. వాళ్ళు పంపే డబ్బూ, మన పొయ్యిలో గ్యాసూ ఒకే తీరం నుంచి వస్తున్నాయి.

సహజవాయువు కూడా అంతే. ఖతార్‌తో 1999లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి 75 లక్షల టన్నులు 25 ఏళ్ళ పాటు కొనాలి. వాయువును గడ్డకట్టే చలిలో ద్రవంగా మారిస్తే ఆరువందల వంతుల్లో ఒక వంతుకు కుదించుకుపోతుంది. దాన్ని ఓడలో పోసి తెచ్చి, గుజరాత్‌లోని దహేజ్ రేవులో మళ్ళీ వాయువుగా మార్చి గొట్టాల్లోకి వదులుతారు. 2004లో మొదలైన ఆ ఏర్పాటును 2048 దాకా పొడిగిస్తూ 2024 ఫిబ్రవరిలో మళ్ళీ సంతకాలు చేశారు.

గల్ఫ్‌లోంచి బయటపడాలంటే ఈ ఓడలకు ఒకటే గుమ్మం. దాని పేరు హోర్ముజ్ జలసంధి. ఇరుకైన చోట దాని వెడల్పు 33 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. ఒకపక్క ఇరాన్, మరోపక్క ఒమన్. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు యుద్ధం చేసుకున్నప్పుడు ఆ గుమ్మం మూస్తారన్న మాట పుట్టింది. ఆ మాటకే ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

ఇప్పుడు మీరే చెప్పండి. నెల సరుకులన్నీ ఒకే కొట్లో అరువు పెట్టి, ఆ కొట్టుకు పోయే దారి ఒక్కటే అయితే, ఆ దారిలో రోజూ ఎవరో ఒకరు కర్రలు పట్టుకుని తగవులాడుకుంటుంటే, ఏ ఇల్లాలైనా నిశ్చింతగా నిద్రపోతుందా?

డబ్బున్న వాడిదే ఓడ

"డబ్బు పారేస్తే ఇంకెక్కడైనా దొరకదా?" అని మీకు అనిపించవచ్చు. 2022లో ఏం జరిగిందో చెబుతాను, వినండి.

జర్మనీ అప్పటిదాకా బయట కొనే గ్యాస్‌లో సగానికి పైగా రష్యా నుంచే తెచ్చుకునేది. చవక, దగ్గర, గొట్టం వేసేసి ఉంది. ఇంకేం కావాలి? 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. ఆ ఎండాకాలంలోనే గొట్టంలో గ్యాస్ తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. అంత కలిగిన దేశంలో కూడా, చలికాలంలో ప్రభుత్వ ఆఫీసుల్లో 19 డిగ్రీలకు మించి వెచ్చదనం పెట్టకూడదని ఆంక్ష పెట్టారు.

ఐరోపా వాళ్ళు ఊరుకుంటారా? ఎంతైనా ఇస్తామని ఓడల వెంట పడ్డారు. 2020లో ఒక యూనిట్ రెండు డాలర్ల దాకా పడిపోయిన ధర, 2022 ఆగస్టులో 60 డాలర్లు దాటింది. ఆ ధర ముందు పేద దేశాలు నిలవలేకపోయాయి. ఆ జూలైలో పాకిస్తాన్ గ్యాస్ కావాలని టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. బంగ్లాదేశ్ కొనడం మానుకుని గంటల తరబడి కరెంటు కోత పెట్టుకుంది. రష్యా కంపెనీ పాత శాఖ ఒకటి ఒప్పందం ప్రకారం మన గెయిల్‌కు పంపవలసిన ఓడలు కూడా కొన్ని రాకుండా పోయాయి. కరువులో బియ్యం బస్తా ఎవరింటికి పోతుందో, గ్యాస్ ఓడా అక్కడికే పోతుంది.

మన వంటింట్లో ఆ సెగ ఎలా తగిలిందో గుర్తుందా? 2023 మార్చిలో హైదరాబాదులో బండ ధర 1,155 రూపాయలకు చేరింది. ఆ ఆగస్టులో 200, మరుసటి ఏడాది మార్చిలో 100 తగ్గించారు. హమ్మయ్య అనుకున్నాం. కానీ ఓడలో వచ్చినప్పుడు ధర ఎక్కువై, మన చేతికి తక్కువకు ఇస్తే, ఆ తేడా ఎవరో ఒకరు భరించాలి కదా. చమురు కంపెనీల నష్టం పూడ్చడానికి కేంద్రం 2022 అక్టోబరులో 22 వేల కోట్లు ఇచ్చింది. 2025 ఆగస్టులో మరో 30 వేల కోట్లు ఒప్పుకుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 500 రూపాయల బండ, ఆంధ్రలో ఆ ఏడాది దీపావళి నుంచి ఏటా మూడు ఉచిత బండలు మొదలయ్యాయి.

ఈ సాయం తప్పని నేననను. పేదింటి ఆడది మళ్ళీ కట్టెపుల్లలు ఊదుకోకుండా ఉండాలంటే ఇలాంటి ఆసరా కావాలి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. సబ్సిడీ ధరను దాస్తుందే గానీ ఓడను తేదు. ఓడ రాని రోజున ఉచిత బండ కూడా ఖాళీ బండే.

జాడీలో ఎంత ఉంది?

ఎండాకాలం వస్తే మనం ఏం చేస్తాం? ఏడాదికి సరిపడా ఆవకాయ పెడతాం. కందిపప్పు ఎండబెట్టి డబ్బాలకెత్తుతాం. వానాకాలం, ధరల కాలం గట్టెక్కాలి కనుక. మరి దేశం జాడీలో గ్యాస్ ఎంత ఉంది?

విశాఖపట్నంలో నేలకు చాలా లోతున, రాతిని తొలిచి ఎల్పీజీ దాచే గుహ కట్టారు. మన తెలుగునాట ఇంత గొప్ప కట్టడం ఉందని చాలామందికి తెలియదు. అందులో 60 వేల టన్నులు పడుతుంది. అంటే సుమారు 42 లక్షల బండలు. అబ్బో అనిపిస్తుంది కదూ? కాని దేశం రోజుకు వాడేది 85 వేల టన్నులు! ఆ గుహ మొత్తం ఒక్కరోజు వంటకు చాలదు. 2025లో మంగుళూరులో 80 వేల టన్నుల గుహ సిద్ధమైంది. రెండూ కలిపినా రెండు రోజులు రావు. రేవుల్లో, బండలు నింపే ప్లాంట్లలో ట్యాంకులు వేరే ఉంటాయి గానీ, అవి రోజువారీ రాకపోకలకే.

ముడిచమురుకైతే విశాఖ, మంగుళూరు, పాదూరులలో 53 లక్షల టన్నులు పట్టే అత్యవసర నిల్వలు కట్టుకున్నాం. సహజవాయువుకు 2025 నాటికి అలాంటి అత్యవసర నిల్వ దేశంలో ఎక్కడా లేదు. రోజు కూలి తెచ్చి రోజు బియ్యం కొనుక్కునే సంసారం ఎంత గుండెదిటవుతో బతకాలో మనకు తెలుసు. గ్యాస్ విషయంలో ఇంత పెద్ద దేశమూ అలాగే బతుకుతోంది.

అన్నంలోనూ గ్యాసే

"మా ఇంట్లో గొట్టం గ్యాస్ లేదు, ఆ దిగుమతులతో మాకేం పని?" అంటారా? కంచంలో అన్నం చూడండి. వరికి వేసే యూరియా తయారవ్వాలంటే సహజవాయువు కావాలి. రామగుండంలో పాత ఎరువుల కర్మాగారం బొగ్గుతో నడిచేది. 1999లో అది మూతపడింది. 2021లో తిరిగి మొదలైన కొత్త కర్మాగారం గ్యాస్‌తో నడుస్తుంది. గ్యాస్ ధర పెరిగితే యూరియా ఖర్చు పెరుగుతుంది. రైతు బస్తా ధర పెరగకుండా ప్రభుత్వం ఆ భారాన్ని ఎత్తుకుంటుంది. ఆ డబ్బు ఖజానాలోంచి వచ్చేదే, ఖజానాలోది మనదే. కాబట్టి కట్టెలపొయ్యి మీద వండుకునే ఇంట్లో కూడా ఖతార్ గ్యాస్ అన్నం రూపంలో కంచంలోకి వస్తూనే ఉంది.

మరి దారేమిటి?

మన ఇల్లు దిద్దుకునే పద్ధతే దేశానికీ పనికొస్తుంది. ఒకటి, నాలుగు కొట్లలో ఖాతా ఉండాలి. ఈ పని మొదలైంది. 2026 సంవత్సరానికి అమెరికా నుంచి 22 లక్షల టన్నుల ఎల్పీజీ కొనడానికి మన చమురు కంపెనీలు 2025 నవంబరులో ఒప్పందం చేసుకున్నాయి. దూరం ఎక్కువైనా ఆ ఓడలకు హోర్ముజ్ గుమ్మంతో పని లేదు. రెండు, జాడీ నిండాలి. విశాఖ గుహ లాంటివి ఇంకా కావాలి. మూడు, ఇంట్లో రెండో పొయ్యి ఉండాలి.

మొదటి రెండూ ఢిల్లీ చేతిలో పని. మూడోది మన చేతిలో పని. దాని గురించి నాలుగు మాటలు.

కరెంటు ఉన్న ఇంట్లో ఒక ఇండక్షన్ పొయ్యి పెట్టుకోండి. పాలు, టీ, ఇడ్లీ, అన్నం దాని మీద కానివ్వచ్చు. అడుగు చదునుగా ఉన్న ఇనుము లేదా స్టీలు గిన్నె కావాలి. గిన్నె అడుగుకు అయస్కాంతం అంటుకుంటే పనికొస్తుంది, లేకపోతే లేదు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే, దాని పొగ గొడవ దానికుంది. కానీ సింగరేణి బొగ్గు హోర్ముజ్ దాటి రానక్కరలేదు. ఇంటిమీద సౌరఫలకాలు పెట్టుకోగలిగితే ఆ పొగ గొడవ కూడా తగ్గుతుంది. పల్లెల్లో నాలుగు పశువులున్న ఇంటికి గోబర్ గ్యాస్ కంటే నమ్మకమైన చుట్టం లేదు.

ఇక పొదుపు. పప్పు, శనగలు ముందే నానబెట్టండి. గిన్నె మీద మూత పెట్టండి. మరగడం మొదలయ్యాక మంట తగ్గించండి. ఎంత పెద్ద మంట పెట్టినా మరిగే నీటి వేడి పెరగదు, నీరు ఆవిరైపోతుందంతే. మంట పసుపుపచ్చగా వస్తుంటే బర్నర్ కన్నాలు మూసుకుపోయాయని గుర్తు, శుభ్రం చేయండి. కుక్కర్‌లో పప్పూ అన్నమూ ఒకేసారి పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, కూరలు కాసేపు బయట ఉంచి వేడి చేయండి.

"ఇంతమాత్రానికే దేశం బాగుపడుతుందా?" అని నవ్వకండి. చిన్న లెక్క చెబుతాను. దేశంలో 33 కోట్ల దాకా ఎల్పీజీ కనెక్షన్లున్నాయి. అందులో సగానికి లోపు, 15 కోట్ల 50 లక్షల ఇళ్ళు, ఏడాదికి ఒక్క బండ మిగిలిస్తే 22 లక్షల టన్నులు. అమెరికా నుంచి కొంటున్నది సరిగ్గా అంతే!

కానీ ఈ పొదుపు మాట అందరికీ కాదు. ఉజ్వల కింద బండ తీసుకున్న ఇళ్ళు 2024-25లో సగటున ఏడాదికి వాడింది నాలుగైదు బండలే. అంటే మిగిలిన వంట ఇంకా కట్టెల మీదే సాగుతోందన్నమాట. ఆ తల్లి ఇంకో రెండు బండలు వాడాలి, మనం ఒకటి తగ్గించాలి. రెండు మూడు బర్నర్లు ఒకేసారి వెలిగించే మన వంటిళ్ళకే నేను చెబుతున్నది.

కోనసీమ సోదరీ, మీ ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటాను. మీ కాళ్ళ కింద గ్యాస్ తక్కువ, దేశం ఆకలి ఎక్కువ, ఆ తేడాను పూడ్చే ఓడకు దారి ఇరుకు. అందుకే గల్ఫ్‌లో నిప్పు రాజుకుంటే మీ ఇంట్లో బండ ధర కదులుతుంది. ఈసారి ఓటు అడగడానికి గుమ్మంలోకి వచ్చిన వాళ్ళను "ఉచిత బండలెన్ని?" అని అడగడంతో సరిపెట్టకండి. "ఓడ ఆగితే మన జాడీలో ఎన్ని రోజులకు సరిపడా ఉంది?" అని కూడా అడగండి. ఇల్లు నడిపే వాళ్ళకే ఆ ప్రశ్న అడిగే హక్కుంది.

మీ ఇంట్లో బండ ఎన్ని రోజులొస్తుందో, దాన్ని పెంచుకునే చిట్కాలు మీ దగ్గర ఇంకేమున్నాయో రాయండి. అన్నట్టు, పొయ్యి మీద పాలు పెట్టి ఇది చదువుతున్నారేమో, ఒకసారి చూసి రండి. వచ్చే వారం కలుద్దాం.